అరువు తెచ్చుకున్న నడక

తెల్లవారి గుడి మొదటి గంట కొట్టగానే మా పక్కింటి నటుడు దొనాతో మస్సారీ తన డాబా మీదికి వచ్చేవాడు. వట్టి కాళ్లు, చేతిలో నీళ్ల బకెట్టు. రెండు పాదాలూ బకెట్టులో ముంచి, పొడి రాళ్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి తిరిగి తన తడి అడుగులను చూసుకునేవాడు. కాసేపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. మళ్లీ ముంచేవాడు, మళ్లీ నడిచేవాడు. ఎండెక్కి అడుగులు పడీ పడగానే ఆరిపోయేదాకా ఇదే వరస.

వాళ్ల డాబాకూ మా డాబాకూ మధ్య మోకాలెత్తు గోడ ఒక్కటే అడ్డు. నేను జపమాల చెప్పుకుంటూ బట్టలారేస్తూ రోజూ చూసేదాన్ని. "చూశావా, అంత పేరు తెచ్చుకుని, డెబ్బై దాటినా సాధన మానలేదు. నటుడంటే అలా ఉండాలి" అని మా ఊరు రొక్కసలీనాలో అందరూ ముచ్చటపడేవారు. నేనూ అలాగే అనుకున్నాను. అది సాధన కాదని, ఒంటికి అంటుకున్నదేదో వదిలించుకోవాలని పడే పాట్లని తరవాత తెలిసింది. అతను ఊరికి తిరిగొచ్చాక వచ్చిన గుడ్ ఫ్రైడే దాటాక ఆ బకెట్టు మళ్లీ డాబా మీద కనబడలేదు.

దొనాతో మస్సారీ పుట్టింది ఆ ఇంట్లోనే. తండ్రి కంచరగాడిదల జీనులు కుట్టేవాడు. తల్లి విన్‌చెంజా గుడి పీఠం మీది గుడ్డలు ఉతికేది. కుర్రతనంలో గుడి గురువులు క్రిస్మస్‌కు ఆడించే నాటకంలో గొర్రెల కాపరి వేషం కట్టి, మాటలన్నీ మరిచిపోయి, గొర్రెపిల్లను పట్టుకుని ఏడ్చేశాడట. జనం అది నటనే అనుకుని కళ్లు తుడుచుకున్నారట. మీసాలు వచ్చేసరికి ఊరూరా తిరిగే ఒక నాటకాల కంపెనీతో వెళ్లిపోయాడు.

ఆ కంపెనీల పద్ధతి వేరు. వారం తిరగకుండా నాటకం మారిపోతుంది. మాటలు కంఠస్థం చేసే తీరికెవరికీ ఉండదు. వేదిక ముందు గూడులాంటి గుంటలో ప్రాంప్టర్ కూర్చుని వాక్యం వాక్యం అందిస్తుంటే, పైన నటులు అందుకుని ఆడాలి. కంపెనీ యజమాని అకిల్లే ఉత్తరాది మనిషి, నోరు పెద్దది. మొదటి వారంలోనే దొనాతోను పిలిచి అన్నాడట.

"ఒరేయ్ ఉప్పు ఊరివాడా, నీ గొంతు బాగుంది. కానీ బీరువాని తెచ్చి నిలబెట్టినట్టు నిలబడుతున్నావు. మాటలంటే గుంటలోంచి అందుతాయి. కాళ్లెవడు అందిస్తాడ్రా నీకు?"

ఆ మాట దొనాతోకు జీవితాంతం గుర్తుండిపోయింది. అప్పటి నుంచి వేషం ఏదైనా ముందు కాళ్లు వెతికేవాడు, తరవాత చేతులు, ఆఖరున మొహం. వాటిని ఎక్కడో పుట్టించేవాడు కాదు. తెలిసినవాళ్ల దగ్గర తీసుకునేవాడు. రొట్టెల కార్మేలా పిండి చేతులు దులుపుకునే తీరు ఒక మహారాణికి పెట్టాడు. తల్లి ముక్కు ఎగబీల్చే పద్ధతి ఒక న్యాయమూర్తికి ఇచ్చాడు. ఊరికి వచ్చినప్పుడు వాళ్లతోనే చెప్పేవాడు. "కార్మేలా పిన్నీ, నీ చేతులకి మిలానోలో చప్పట్లు కొట్టారు తెలుసా!" అంటే ఆవిడ సిగ్గుపడి ఒక రొట్టె ఎక్కువ చేతిలో పెట్టేది. ఎవరూ నొచ్చుకోలేదు. అందరిదీ అడిగో, చెప్పో తీసుకున్నాడు. ఒక్క కతాల్దోది తప్ప.

కతాల్దో ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. దొనాతోకు చిన్ననాటి స్నేహితుడు. కతాల్దో పెద్ద కూతురి జ్ఞానస్నానానికి దొనాతో రైలెక్కి వచ్చి బిడ్డను చేతుల్లో పట్టుకుని జ్ఞానపితగా నిలబడ్డాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. "కుంపా" అనుకునేవారు. మా వైపు ఆ చుట్టరికం రక్తం కన్నా దగ్గర.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మా వ్యాకులమాత, అంటే దేవుడి తల్లి విగ్రహం, నల్లబట్టలు కట్టుకుని గుడి గడప దాటి కొడుకును వెతకడానికి బయలుదేరుతుంది. ఆమెను మోసేవాళ్లు మామూలుగా నడవరు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా ఒరుగుతుంది. అడుగు పాదమంత కూడా పడదు. తల్లి ఒళ్లో బిడ్డను ఊపినట్టు ఉంటుంది, అందుకే దాన్ని ఉయ్యాల నడక అంటాం. వీధి చివరికి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఆమెను మోసే భక్తుల సంఘంలో అందరికీ తెల్లటి అంగీ, తల మీంచి గడ్డం దాకా దిగే ముసుగు, కళ్లకు రెండు చిల్లులు. ఎవరు ఎవరో తెలియకూడదు, అదీ నియమం. కానీ అమ్మ పల్లకీకి ముందు కొయ్య ఎడమవైపు ఉన్నది కతాల్దో అని మాకందరికీ తెలిసేది. అతను కింద ఉంటే అమ్మ మేలిముసుగు కదిలినట్టు ఉండేది కాదు, ఊపిరి తీసినట్టు ఉండేది.

దొనాతో ఆ నడక వెనకాలే పెరిగాడు.

కంపెనీ బారీ పట్నంలో మూతపడే స్థితిలో ఉన్న రోజుల్లో ఒక ప్రహసనంలో అతనికి చిన్న వేషం దొరికింది. టెలిగ్రాం తెచ్చే పోస్టుమాన్. తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా వచ్చి కాగితం ఇచ్చి పోవాలి, అంతే. ఆ సాయంత్రం వేదిక ఎక్కేసరికి ఏ నడకా తట్టలేదు. అప్పుడు కాళ్లంతట కాళ్లే ఒరిగాయి. అటు ఒరిగి, ఇటు ఒరిగి, పాదమంత కూడా లేని అడుగులతో, చేతిలో అర్జంటు టెలిగ్రాంతో, బల్ల దగ్గరికి రావడానికి ఎంతసేపో పట్టింది. హాలు విరగబడి నవ్వింది. యజమాని తెర చాటు నుంచి "ఇంకా నెమ్మదిగా! ఇంకా!" అని చేతులు ఊపాడు.

ఆ పోస్టుమానే సినిమాలో మిమ్మో అయ్యాడు. మిమ్మో టెలిగ్రాం తెచ్చేసరికి పెళ్లికొడుకు పారిపోయి ఉంటాడు, చచ్చినవాణ్ని పూడ్చేసి ఉంటారు. దేశమంతా నవ్వింది. ఆ తరవాత దొనాతో రోమ్‌లో గుడ్డి తండ్రి వేషం కట్టాడు, ఉరికంబం ఎక్కే గుడి గురువు వేషం కట్టాడు. హాల్లో దగ్గు కూడా వినబడేది కాదట. పత్రికలు మెచ్చుకున్నాయి. అయినా బయట రోడ్డు మీద, స్టేషన్లో, ఆస్పత్రిలో తల్లి శవాన్ని తీసుకుపోవడానికి వచ్చిన రోజున కూడా, అతన్ని ఒకటే అడిగారు. "మిమ్మో, ఒక్కసారి నడువు!"

ఆ సినిమా రొక్కసలీనాకు చలికాలంలో వచ్చింది. ఊరంతా వెళ్లాం. కతాల్దో అందరికన్నా గట్టిగా నవ్వాడు. బయటికి వస్తుంటే అతని భార్య నున్జియా మోచేత్తో పొడిచి, "నవ్వింది చాలు, అది నువ్వే" అంది. "నేనా? నేను అంత అందగాణ్నా?" అన్నాడు. ఇంకోసారి నవ్వారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఆ చలికాలం దాటాక వచ్చిన గుడ్ ఫ్రైడే నాడు చేపల వీధి మలుపులో, అమ్మ తిరుగుతుండగా, మేనమామ మెడ మీద కూర్చున్న ఒక పసివాడు ముందు కొయ్య వైపు వేలు చూపించి అరిచాడు. "మిమ్మో! టెలిగ్రాం తెచ్చాడు!" ఆడవాళ్లు శాలువా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు మొహాలు గోడకు తిప్పుకున్నారు. ఆపుకోవాలని చూసేకొద్దీ నవ్వు వీధి పొడుగునా పాకింది. ముసుగు కింద ఎవరి మొహమూ కనబడలేదు. అమ్మ మేలిముసుగు మాత్రం ఒకసారి అదిరింది. అంతకు ముందెప్పుడూ అలా అదరలేదు.

సాయంత్రం కతాల్దో తన అంగీ మడతపెట్టి మా ఇంటికి తెచ్చాడు. సంఘం బట్టలు కుట్టేదీ ఇస్త్రీ చేసేదీ మా అమ్మ, ఆమె తరవాత నేను.

"భుజం నొప్పిగా ఉంది. ఇది నీ దగ్గర ఉంచు చెల్లీ" అన్నాడు.

ఆ భుజం మీదే మరునాటి నుంచి ఉప్పు బస్తాలు మోశాడు. దొనాతో తల్లికి బావి నుంచి నీళ్లు మోసి మూడో అంతస్తు ఎక్కించాడు. ఆమె మంచం పట్టాక కుర్చీతో సహా ఎత్తి పూజకు తీసుకెళ్లాడు. రోమ్‌లో ఉన్న కొడుకు గురించి ఒక్క మాట అనలేదు. ఆగస్టు పండగకు దొనాతో ఎప్పుడైనా వస్తే కౌగిలించుకునేవాడు. మేమూ చెప్పలేదు. ఊరికి పేరు తెచ్చినవాడి మొహం మీద అలాంటి మాట ఎవరంటారు?

ఒకటి మాత్రం ఉంది. ప్రతి ఏడూ పవిత్ర వారంలో కతాల్దో ఒక గిన్నెడు ఆల్చిప్పలు పట్టుకుని వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఆ బట్ట ఉందా?"

"ఉంది అన్నా."

"పురుగు పట్టలేదు కదా?"

"లేదు."

"ఊరికే అడిగాలే."

శుక్రవారం నాడు ఒక్కడే పడవేసుకుని మడుల అవతలికి వెళ్లిపోయేవాడు. అమ్మ గుడికి తిరిగి వచ్చాక గాని ఒడ్డుకు వచ్చేవాడు కాదు.

వేషాలు చాలించుకుని దొనాతో ఊరికి వచ్చేశాక వచ్చిన తపస్కాలం, గుడ్ ఫ్రైడేకి ముందు ఉపవాసాల రోజులు. మంగలి పొంపెయో దుకాణం మా మెట్ల కిందే, అక్కడి మాటలన్నీ పైకి వినబడతాయి. దొనాతో గడ్డం గీయించుకుంటూ అడిగాడు.

"ఈసారి ముందు కొయ్య మా కుంపాయేనా?"

"కతాల్దోనా? ఆయన మోయడం మానేశాక మా వాడు పెరిగి, వాడికి పిల్లలూ పుట్టారు మాయెస్త్రో" అన్నాడు పొంపెయో. పెద్ద నటుడని ఊళ్లో అతన్ని గౌరవంగా అలా పిలిచేవారు.

"అదేంటి? ఎందుకు?"

"భుజం నొప్పంట."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. "భుజమా! మొన్నటిదాకా గాడిద మోసేంత ఉప్పు మోశాడు, దానికి రాని నొప్పి!"

"నోరు మూసుకోండ్రా" అన్నాడు ముసలి వీతో, సంఘానికి ఒకప్పటి పెద్ద. తరవాత గొంతు తగ్గించాడు. "మాయెస్త్రో, అడిగావు గనక చెబుతున్నా. తప్పుగా అనుకోకు. నువ్వు టెలిగ్రాం తెచ్చిన ఏడాదే ఆయనకి భుజం నొప్పి మొదలైంది."

కత్తి చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మెట్ల మీద దొనాతో వచ్చాడు. ఒక చెంపన సబ్బు నురగ, మెడలో పొంపెయో తువ్వాలు. నన్ను చూసి ఆ సగం గడ్డాన్ని చేత్తో కప్పుకున్నాడు.

రెండు పూటలు తలుపు తీయలేదు. ఎండు చిక్కుడు గింజలు ఉడికించి, మెదిపి, చేదు ఆకుకూర పక్కన వేసి పట్టుకెళ్లాను. తలుపు తీశాడు గాని తినలేదు.

"ఫిలొమేనా, ఆ ఏడు గుడ్ ఫ్రైడే నాడు నువ్వు వీధిలో ఉన్నావా?"

"ఉన్నాను అన్నా."

"చెప్పు. ఏదీ తగ్గించకు."

చెప్పాను. పసివాడి అరుపు, కొంగులు, అదిరిన మేలిముసుగు, మడతపెట్టిన అంగీ. వింటూ గిన్నె వైపే చూశాడు.

"నన్నేమన్నాడు?"

"ఏమీ అనలేదు. మీ అమ్మకి నీళ్లు ఎవరు మోస్తున్నారని ఫోన్లో అడిగేవాడివిగా? విన్‌చెంజా పిన్ని 'పిల్లలు ఎవరో తెస్తున్నారు' అనేది. ఆ పిల్లలు కతాల్దో అన్నే."

అతను లేచి గోడకున్న పెద్ద సినిమా పోస్టరు దగ్గరికి వెళ్లాడు. అందులో మిమ్మో ఒక కాలు ఎత్తి ఒరిగి ఉన్నాడు. దాన్ని తీయలేదు, చింపలేదు. దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ తన చేతులతో కాదు, తన కాళ్లతో ఒక మనిషిని దేవుడి తల్లి దగ్గర్నుంచి తరిమేశానని అప్పుడన్నాడు. మర్నాడు పొద్దున్న డాబా మీద నడిచినంతసేపూ నా వైపు చూడలేకపోయాడు.

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు మా ఊళ్లో మాట పట్టింపులున్నవాళ్లు ఒలీవ రెమ్మ ఇచ్చిపుచ్చుకుంటారు. ఇస్తే అక్కడితో గొడవ పోయినట్టే. పూజ అయ్యాక దొనాతో గుడి ముందు జనంలోంచి కతాల్దో దగ్గరికి వెళ్లాడు. రెమ్మ పట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు. ఏం గొంతు! పావురాలు లేచిపోయాయి. "నా సోదరా, నీ భుజం మీది పవిత్ర భారాన్ని నేను నవ్వులపాలు చేశాను..." అంటూ ఎత్తి, దించి, చోటు చూసి ఆగి, తల వంచాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

కతాల్దో ఓపిగ్గా అంతా విన్నాడు. రెమ్మ తీసుకుని గుండీ సందులో పెట్టుకున్నాడు.

"బాగా చెప్పావు కుంపా" అన్నాడు. "ఇది ఏ నాటకంలోది?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. దొనాతో చెవుల దాకా ఎర్రబడిపోయాడు. చప్పట్లు కొట్టినవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్తుంటే, కాళ్లు తెలియకుండానే అటూ ఇటూ ఒరిగాయి. అది తనకే తెలిసి సగంలో ఆగిపోయి, గోడ పట్టుకున్నాడు. వెనక ఒక పిల్ల "మిమ్మో తాతా!" అంది. తల్లి దాని నోరు మూసింది.

గురువారం పొద్దున్న నేను మా పెరట్లో సంఘం అంగీలు ఇస్త్రీ చేస్తున్నాను. కతాల్దో ఆల్చిప్పల గిన్నెతో వచ్చాడు. ఇప్పుడు చేతికర్ర కూడా ఉంది.

"ఆ బట్ట ఉందా?"

"ఉంది అన్నా. కూర్చో. ఎండెక్కుతోంది."

"ఈ మోకాలు ఒకసారి వంగితే మళ్లీ లేవదు. ఇలా బాగుంది."

డాబా మెట్ల మీంచి దొనాతో దిగి వచ్చాడు. వట్టి కాళ్లతో, తడి అడుగులతో. మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. నాటకాల పెద్ద గొంతు రాబోయింది. మింగేశాడు. చేతులు లేచాయి. వాటిని వెనక్కి పెట్టి ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు. అలా ఏమీ లేకుండా నిలబడితే అతను పెద్ద మనిషేమీ కాదు. పొట్టిగా, బట్టతలతో, వాళ్ల నాన్నలాగే ఉన్నాడు.

"కుంపా, ఆ రోజు బారీలో నాకు కాళ్లు రాలేదు. నీవి తీసుకున్నా. అది పొరపాటున జరిగింది. కానీ రెండో రోజు పొరపాటు కాదు. ఎందుకు నవ్వారా అని ఆలోచించా. కనిపెట్టా. నీ నడకలోంచి బరువు తీసేశాను. భుజం మీద ఏమీ లేకుండా అలా నడిస్తే నవ్వొస్తుంది. తెలిసే తీశాను. అందుకే నీకు చెప్పలేదు. అందరికీ చెప్పాను, నీకు చెప్పలేదు."

కతాల్దో కర్ర చివర్న నేల గీస్తూ ఉండిపోయాడు. నా ఇస్త్రీ పెట్టె కింద బట్ట పసుపెక్కుతోందని ఆలస్యంగా చూసుకున్నాను.

"వాళ్లు నవ్వినందుకు కాదు కుంపా" అన్నాడు చివరికి. "ఊరన్నాక నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే నాకేం? ఆ మలుపులో పసోడు అరిచాక, అమ్మ కింద నడుస్తుంటే నాకూ నువ్వే కనబడ్డావు. జపం నోటికి రాలేదు. టెలిగ్రాం పట్టుకుని నువ్వొస్తున్నావు. నాకూ నవ్వొచ్చింది. ముసుగులో నవ్వాను. అమ్మ కొడుకుని పోగొట్టుకుని వెతుక్కుంటుంటే, ఆమె కింద నడుస్తూ నవ్వాను. ఆమెకెలా మొహం చూపించను?"

ఇన్నేళ్లూ ఆ మాట అతను గుడిలో గురువు చెవిన పడేసే పాపసంకీర్తనంలో తప్ప ఎక్కడా చెప్పి ఉండడు. దొనాతో వెనక్కి పట్టుకున్న చేతులు విడిపోయాయి. మాట అందించే గుంట అక్కడ లేదు.

"నువ్వు రోజూ పొద్దున్నే ఆ నీళ్లలో ఏం చేస్తావ్?" అని కతాల్దోయే అడిగాడు. "కింద నుంచి చూస్తుంటా. వానపాము కోసం కొంగ దిగినట్టు."

"నా నడక వెతుక్కుంటున్నా. నీది ఒంట్లోకి దిగిపోయింది, పోవట్లేదు. నాది ఏదో గుర్తులేదు."

"నీది బాతు నడక" అన్నాడు కతాల్దో. "మీ అమ్మ దూరం నుంచి చూసి 'అదిగో నా బాతు' అనేది. పోతే పోయింది, ఏమంత గొప్పది కాదు."

దొనాతో నవ్వబోయి మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను లోపలికి వెళ్లి బట్టల పెట్టె తెరిచి, అడుగున లావెండరు ఆకుల మధ్య ఉన్న కతాల్దో అంగీ తెచ్చి బల్ల మీద పరిచాను. ఎవరూ అడగలేదు, చెయ్యి దానంతటది వెళ్లింది. పురుగు పట్టలేదు. కతాల్దో దాని అంచు రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఇప్పుడెందుకమ్మా? అప్పుడు భుజం నొప్పని అబద్ధమాడా. ఇప్పుడు మోకాలు నిజంగానే పోయింది. మోయడం అటుంచి, వెనకాల ఇద్దరిద్దరుగా జతలో నడవాలన్నా చేతికర్ర కూడదు, నియమం. ఎవరో ఒకరి మీద ఆనుకోవాలి. దారి పొడుగునా ఈ ముసలి ఒళ్లు ఎవడు మోస్తాడు?"

దొనాతో దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ హాలు చివరి వరస దాకా వినబడేలా మాట్లాడే మనిషి, ఇస్త్రీ బల్లకు ఇవతల ఉన్న నాకే సరిగా వినబడనంత మెల్లగా అడిగాడు.

"నాకొక ఉపకారం చెయ్యి కుంపా. రేపు నన్ను నీ జతగా తీసుకో. నీ చెయ్యి నా భుజం మీద వేసి, నీ బరువంతా నా మీద పెట్టి నడువు. అమ్మ గుడికి తిరిగి చేరేదాకా ఆ చెయ్యి తియ్యకు."